నేలకు తగిన పాదరక్ష

చరిత్ర గ్రంథములలో కిరీటములకును ఖడ్గములకును చోటున్నది గాని చెప్పులకు చోటు తక్కువ. అయినను ఒక సీమలోని నేల ఎట్టిది, ఆ నేలమీద నడచినవారెవరు, ఎవరి శ్రమవలన ఎవరు సుఖముగా నడచినారు అన్న ప్రశ్నలకు చెప్పు చెప్పినంత సూటిగా మరేదియు జవాబు చెప్పజాలదు. నేడు పట్టణములలో గోల్ఫు ఆడువారు తమ ఆటకు తగిన జోళ్ళను ఎన్నుకొనుటకు చాలసేపు యోచించుచున్నారు. అట్ట ఎట్లుండవలెను, తోలు మేలా రబ్బరు మేలా, పచ్చికమీద కాలు జారకుండుటకు ఏమి కావలెను అని విచారించుచున్నారు. ఈ విచారణ కొత్తది కాదు. ప్రతిదినము ఒకే విధమైన నేలపై నడువవలసిన మనుష్యులందరును ఏనాడో చేసినదే. ఆ విచారణ మన గడ్డమీద ఎట్లు సాగినదో తెలుపుటకు కృష్ణా మెట్టసీమను, అందులోను చిల్లకల్లు, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతమును మేము ఉదాహరణగా తీసుకొనుచున్నాము.

ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది గాని, జనుల వాడుకలో ఇది కృష్ణా మెట్టయే. డెల్టా గ్రామములలో కాలువగట్టు, వరిచేను, మెత్తని ఒండ్రు. ఇక్కడ అట్లు కాదు. ఒకచోట ఎర్రని గరపనేల, మరొకచోట నల్లరేగడి, వాటి నడుమ సున్నపురాతి పలకలు. పాలేరు, మునేరు వేసవిలో ఇసుకపాయలగును. పల్లేరుకాయ, తుమ్మముల్లు బాటసారిని అడుగడుగున పలుకరించును. వైశాఖమాసపు మధ్యాహ్నమున ఆ రాతినేల పెనమువలె కాలును. తొలకరి పడగానే రేగడిమన్ను చెప్పుకు చెప్పంత మందమున అంటుకొని కాలు లేవనీయదు. అందువలననే ఈ సీమ రైతు గరపనేలమీద చెప్పులు తొడిగి నడచినను, తడిసిన రేగడిచేను రాగానే వాటిని విడిచి చేత పట్టుకొనును. ఏ నేలమీద చెప్పు కావలెనో, ఏ నేలమీద వట్టి కాలే మేలో అనుభవమే అతనికి నేర్పినది.

పాదరక్ష పుట్టుకను గురించి మహాభారతములోని ఆనుశాసనిక పర్వమున ఒక కథ గలదు. జమదగ్ని మహర్షి వినోదముగా బాణములు విడుచుచుండగా రేణుకాదేవి వాటిని ఏరి తెచ్చుచుండెనట. మిట్టమధ్యాహ్నపు ఎండకు ఆమె తల మాడినది, కాళ్ళు కాలినవి. ఋషి కోపించి సూర్యునిపై బాణము ఎక్కుపెట్టగా, సూర్యుడు దిగివచ్చి గొడుగును, చెప్పులను ఇచ్చి శాంతింపజేసినాడు. ఇది పురాణకథయే యైనను ఇందులో గమనింపదగినది ఒకటున్నది. చెప్పులు ఆడంబరముకొరకు పుట్టలేదు. ఎండలో పరుగెత్తి పనిచేయు మనిషి అరికాలికొరకు పుట్టినవి. ఆ పనిచేసినది ఒక స్త్రీ యనుటయు మరువరాదు.

కథను విడిచి చరిత్రకు వచ్చినచో, జగ్గయ్యపేట దగ్గరనే మనకు ఒక ఆధారము దొరకును. ఊరి సమీపముననున్న ధనంబోడు అను గుట్టమీద 1882లో జేమ్స్ బర్జెస్ ఒక బౌద్ధస్తూపమును త్రవ్వించి పరిశీలించినాడు. చక్రవర్తి శిల్పముగా ప్రసిద్ధికెక్కిన ఫలకము అక్కడిదే. అది చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమునకు చేరినది. ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని ఇరువదవ రాజ్యసంవత్సరమున, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో, సిద్ధార్థుడను శిల్పి ఈ మహాచైత్యమునకు తూర్పు ద్వారమున ఆయకస్తంభములు నిలిపినట్లు అక్కడి శాసనములు చెప్పుచున్నవి. దానము చేసినవాడు రాజు కాడు, మంత్రి కాడు. చేతిపనివాడు. ఈ సీమలో పనివాని పేరు రాతిమీద నిలిచిన కాలమొకటి ఉండెనని దీనివలన తెలియుచున్నది.

బౌద్ధభిక్షువులకు నడకయే జీవితము. కనుకనే వినయపిటకములోని మహావగ్గమున తోలు వస్తువులను గురించి ఒక అధ్యాయమే ఏర్పడినది. సోణ కోళివిసుడను సంపన్న గృహస్థుని కుమారుడు భిక్షువై, చంక్రమణము చేయుచు అరికాళ్ళు పగిలి దారి రక్తసిక్తమగువరకు నడచినాడట. బుద్ధుడు అది చూచి ఒంటి అట్ట చెప్పులకు అనుమతి ఇచ్చినాడు. తరువాత అవంతీదేశమునుండి మహాకాత్యాయనుడు ఒక విన్నపము పంపినాడు. అక్కడి నేల నల్లనిది, గట్టిది, పశువుల గిట్టలచే త్రొక్కబడి గరుకెక్కినది; కావున పలు పొరల అట్టగల చెప్పులు కావలెనని ఆ విన్నపము. ప్రత్యంత జనపదములన్నిటికిని ఆ సౌకర్యము మంజూరైనది. ఆ గ్రంథము చెప్పిన మధ్యదేశపు ఎల్లల ప్రకారము మన ఆంధ్రదేశమును ప్రత్యంతమే. కొయ్యచెప్పులు మాత్రము నిషేధింపబడినవి. వాటి టకటక చప్పుడు ధ్యానమునకు భంగము కలిగించునని ఒక కారణము. వాటిక్రింద చిన్నప్రాణులు నలుగునని మరొక కారణము. నేలను బట్టి అట్ట, స్థలమును బట్టి చప్పుడు! పాదరక్షను ఎన్నుకొనుటకు ఇంతకంటె తెలివైన సూత్రములు నేటి దుకాణదారుకు కూడ తెలియవేమో.

తెలుగువారి వాడుకలోని పాదరక్షలు పలురకములు. పూజావేళలందు మడికి పావుకోళ్ళు. అవి కొయ్యవి గనుక తోలు అంటదన్న పట్టింపు తీరును గాని, బొటనవ్రేలితో గుబ్బను పట్టి నడచుటకు అభ్యాసము కావలెను. దూరపు నడకకు పనికిరావు. కలవారికి ముచ్చెలు, జరీపని జోళ్ళు. పల్లెటూరి పెద్దలకు కిర్రుచెప్పులు. దళసరి తోలుపొరలు ఒకదానితో నొకటి రాచుకొనుటవలన ఆ కిర్రు పుట్టును. మనిషి కనబడకమునుపే అతని రాక వినబడును. ఇక సాధారణ రైతుకు, కాపరికి కావలసినవి అట్ట, ఉంగటము, రెండు వారులు. ఉంగటమనగా బొటనవ్రేలు దూర్చు తోలు ఉంగరము. చెప్పు కాలిని విడువకుండ చేయునది అదే. మడమ దగ్గర అరిగినచోట లాడములవంటి ఇనుపముక్కలు, మేకులు కొట్టించుకొనుటయు వాడుకలో నుండెను.

ఈ చెప్పుల తయారీ పెద్ద శాస్త్రము. పచ్చితోలును సున్నపునీటిలో నానబెట్టి వెండ్రుక ఊడదీయవలెను; కండను గీకివేయవలెను; సున్నము పోవునట్లు కడుగవలెను. పిమ్మట లందలో, అనగా తోళ్ళు ఊనవేయు తొట్టిలో, తంగేడుచెక్క కషాయములో దినములకొలది ఊరవేయవలెను. కషాయము పలుచననుండి చిక్కనకు క్రమముగా మార్చవలెను. మొదటనే చిక్కని కషాయములో వేసినచో పైపొర బిగిసిపోయి లోపల పచ్చిగా మిగులును. కడపట కరక్కాయ రసము పట్టించినచో తోలుకు లేత రంగును మెత్తదనమును వచ్చును. తంగేడు మన మెట్టపొలముల గట్టులమీద ఎవరు నాటకుండనే పెరుగును. బతుకమ్మలో పేర్చు ఆ పసుపుపూలే నేడు తెలంగాణమునకు రాష్ట్రపుష్పము. పూవును పూజించినవారికి దాని చెక్క చేసిన మేలు అంతగా తెలియదు. సున్నము, నీరు, తంగేడు, పశువులు అన్నియు చేరువనే యుండుటవలన మెట్టసీమలో ఈ పని ఊరూర నిలిచినది.

ఊరికి తోలుతో నుండిన పని చెప్పులతో తీరలేదు. మోటబావికి తోలుబానయు తొండమును, కాడికి పలుపులును, బండికి వారులును, డప్పుకు మూతయు కావలెను. ఇవన్నియు చేసి ఇచ్చినవారు మాదిగలు. ఆరెయు ఱంపెయు వారి ఆయుధములు. కోత కాలమున కళ్ళమువద్ద ఇచ్చు కొద్దిపాటి గింజలే వారి ప్రతిఫలము. చచ్చిన పశువును మోసుకొనిపోవుట మొదలు చెప్పు తొడుగునంతవరకు గల పని యంతయు వారిదే. ఆ పనివలన కలిగిన మైల కూడ వారిదేనని సంఘము తీర్మానించినది. ఇందులోని అన్యాయము ఇంకొక మెట్టు దిగినది. చెప్పులు కుట్టినవాడు తాను కుట్టిన చెప్పులు తొడుగుకొని పెద్దల వీధిలో నడువరాదు. పెద్దలు ఎదురైనచో విడిచి చేత పట్టుకొనవలెను. ఎండకు కాలిన అరికాలిని కాపాడుటకు పుట్టిన వస్తువు, ఎవరి అరికాలు కాలవచ్చునో నిర్ణయించు గుర్తుగా మారినది. కిర్రుచెప్పుల చప్పుడును ఇట్టి వీధులలో వినినప్పుడే దాని అర్థము పూర్తిగా బోధపడును.

చిల్లకల్లు దాటి పడమటగా పోయినచో పూర్వపు నిజాము సరిహద్దు ఎంతో దూరము లేదు. నందిగామ తాలూకాకు చెందిన మునగాల పరగణా 1959 వరకు కృష్ణా జిల్లాలోనే యుండి, తరువాత నల్లగొండ జిల్లాలో చేరినది. ఆ సరిహద్దునకు ఆవల తెలంగాణములో వెట్టిచాకిరి రాజ్యమేలినకాలమున దొరలకు చెప్పులను, వ్యవసాయమునకు కావలసిన తోలుసామానులను ఉచితముగా చేసి ఇయ్యవలసిన విధి మాదిగలపై నుండెను. 1946 మొదలు 1951 వరకు సాగిన రైతాంగ పోరాటమునకు మూలకారణములలో ఈ వెట్టి యొకటి. అంతకు పూర్వమే, 1917లో, బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన సభ జరిగి, పంచములన్న పేరు వలదు, మేము ఈ దేశపు ఆదివాసులము గనుక ఆది ఆంధ్రులమని ప్రకటించినది. గుఱ్ఱం జాషువ 1941లో వెలువరించిన ‘గబ్బిలము’నకు నాయకుడు ఒక అరుంధతీసుతుడు. చెప్పులు కుట్టు చేతికి తెలుగు కావ్యములో నాయకస్థానము లభించుటకు అంతకాలము పట్టినది.

గాంధీ మహాత్ముడు ఈ విషయమును తనదైన రీతిలో గ్రహించినాడు. దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఆశ్రమమున చెప్పులు కుట్టుట నేర్చి, చెరసాలలో నున్నప్పుడు ఒక జత కుట్టి, తనను చెరపెట్టిన జనరల్ స్మట్సుకు పంపినాడు. స్మట్సు వాటిని చాల వేసవులు తొడిగి, 1939లో గాంధీజీ డెబ్బదవ జన్మదిన సందర్భమున తిరిగి పంపినాడు. చెప్పు కుట్టుట హీనవృత్తి కాదని ఉపన్యసించుట ఒక ఎత్తు. కుట్టి చూపుట మరొక ఎత్తు.

ఇదిట్లుండగా, మన తంగేడుచెక్కతో ఊనిన తోలు సముద్రము దాటినది. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున చెన్నరాజధానినుండి సగము సిద్ధమైన తోళ్ళు ఇంగ్లండునకు విస్తారముగా ఎగుమతి యగుచుండెను. అక్కడివారు వాటికి మెరుగుపెట్టి బూట్లు చేసిరి. 1914 నుండి 1918 వరకు జరిగిన ప్రపంచయుద్ధములో సైనికుల బూట్లకు మన తోలు అత్యవసరమై, బ్రిటిషు ప్రభుత్వము ఆ వ్యాపారమును తన అదుపులోనికి తీసుకొన్నది. మెట్టపల్లెలలో లందలవద్ద వట్టికాళ్ళతో నిలిచినవారి పనితనమే ఐరోపా కందకములలో ఇతరుల పాదములను కాపాడినదని చెప్పినచో అతిశయోక్తి కాదు.

క్రోముతోలు కథ దీనికి అనుబంధము. చెట్టుచెక్కకు బదులు క్రోమియపు లవణములతో తోలును ఊనవేయు పద్ధతిని ఇరువదవ శతాబ్ది మొదటి సంవత్సరములలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ చెన్నపట్టణమున ప్రవేశపెట్టినాడు. ఆయన మొదట తలపెట్టినది బూట్లు కావు; నీటిలో నానినను త్వరగా చివికిపోని మోటబానలు! రైతు బావికొరకు ఆరంభమైన పని క్రమముగా చెప్పులకు, బూట్లకు విస్తరించినది. ప్రభుత్వము పరిశ్రమలు నడుపరాదని భారత కార్యదర్శి మార్లీ 1910లో శాసింపగా ఆ కర్మాగారము చేతులు మారినది.

స్వాతంత్ర్యానంతరము 1948లో మదరాసున కేంద్ర చర్మ పరిశోధనాలయము స్థాపితమైనది. 1958 నుండి 1971 వరకు దానికి సంచాలకుడుగా నుండి ప్రపంచఖ్యాతి తెచ్చినవాడు యలవర్తి నాయుడమ్మ. గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతమునందలి యలవర్రులో 1922లో రైతుకుటుంబమున పుట్టిన ఆయన, అందరు అంటరానిదని తొలగిన తోలును తన శాస్త్రమునకు వస్తువుగా ఎన్నుకొన్నాడు. కాశీ విశ్వవిద్యాలయములోను, అమెరికాలోను చదివివచ్చి, ప్రయోగశాలను పల్లెలోని లందకు దగ్గర చేయుటకు పాటుపడినాడు. 1985 జూన్ 23న కనిష్క విమానము పేల్చివేయబడినప్పుడు ఆయనయు మరణించుట మన దురదృష్టము.

ఇక గోల్ఫు సంగతి. స్కాట్లండు పార్లమెంటు 1457లోనే ఈ ఆటను నిషేధించినది. ప్రజలు విలువిద్య మాని బంతివెంట పోవుచున్నారని దాని కోపము. మన దేశమున 1829లో కలకత్తాలో గోల్ఫు క్లబ్బు వెలసినది. చిల్లకల్లుమీదుగా పోవు నేటి జాతీయరహదారి పడమటగా హైదరాబాదునకు పోవును గదా. అక్కడ గోలకొండ కోటలోని నయాఖిల్లా ఆవరణమున నేడు గోల్ఫుమైదానము గలదు. పద్దెనిమిది గుంటల ఆట ముగియునప్పటికి ఆటగాడు నాలుగైదు మైళ్ళు నడచును. అదియు చదునైన బాట కాదు: తడి పచ్చిక, ఇసుకగుంత, ఏటవాలు గట్టు. కఱ్ఱ విసరునప్పుడు దేహభారమంతయు ఒక కాలినుండి మరొక కాలికి మెలితిరిగి మారును. అప్పుడు అట్ట జారినచో బంతి గురితప్పుటయే కాదు, మోకాలు బెణకవచ్చును. కనుకనే 1857లో స్కాట్లండున వెలువడిన ఒక గోల్ఫు చేతిపుస్తకము, దళసరి బూట్ల అట్టకు చిన్నమేకులు కొట్టించుకొనుమని చెప్పినది. మన రైతు మేకులు కొట్టించుకొనుట అట్ట అరుగకుండుటకు. వారు కొట్టించుకొనుట కాలు జారకుండుటకు. తరువాత వచ్చిన ఇనుపమేకులు పచ్చికను చీల్చుచుండుటవలన 1990 దశకమునుండి మెత్తని ప్లాస్టిక్ మేకులు వ్యాపించినవి. మేకులు లేక, గుబ్బలుగల రబ్బరు అట్టతోనే చేసిన జోళ్ళును నేడు విరివిగా దొరకుచున్నవి.

క్రమముగా ఆడువారు గాని, క్రమముగా నడచువారు గాని జోళ్ళు ఎన్నుకొనుటకు మేము పైచరిత్రనుండి గ్రహించిన కొన్ని మాటలు చెప్పెదము. మొదట నేలను చూడవలెను. అద్దమును తరువాత చూడవచ్చును. తడి పచ్చికకు పట్టుగల అట్టయు నీరు దూరని పైతోలును, ఎండిన గరపనేలకు గుబ్బల రబ్బరు అట్టయు మేలు. ప్రొద్దుతిరిగిన తరువాత కొనుట మంచిది. దినమంతయు నడచిన పాదము కొంచెము పొంగియుండును. రెండు పాదములును ఒకే కొలత కలవి కావు. పెద్దదానికి సరిపోవునదే కొనవలెను. కూర్చుండి కాక నిలుచుండి, ఆటలో తొడుగు మేజోళ్ళతోనే కొలతచూడవలెను. వ్రేళ్ళకు ముందు బొటనవ్రేలి వెడల్పంత చోటుండవలెను. మడమ మాత్రము కదలరాదు. కొత్తచెప్పు కరచుట సహజమే యని ఓర్చుకొనుట తెలివి కాదు. కరచు చెప్పు కొలత తప్పిన చెప్పు. అనుదినము ఆడువారు రెండు జతలుంచుకొని మార్చి మార్చి తొడిగినచో తోలుకు ఆరుటకు వ్యవధి దొరకును. తడిసినవానిలో కాగితములు కూరి నీడనే ఆరబెట్టవలెను. పొయ్యిదగ్గర గాని మండుటెండలో గాని పెట్టినచో తోలు పెళుసెక్కి పగులును.

పాదరక్ష ఆటకు మాత్రమే కాదు, ఆరోగ్యమునకును అవసరమని పందొమ్మిదవ శతాబ్ది చివర స్పష్టమైనది. 1898లో కైరోలో ఆర్థర్ లూస్ అను పండితుని చేతిమీద కొంకిపురుగుల పిల్లలున్న ద్రవము ఒలుకగా, అవి చర్మమునుండియే దేహములోనికి పోవునని ఆయన కనుగొన్నాడు. తడినేలమీద వట్టికాళ్ళతో నడచువారికి రక్తహీనత కలుగుటకు ఇదియొక ముఖ్యకారణమని దానివలన తేలినది. చెప్పులు విడిపించిన ఆచారము మనిషి గౌరవమునే కాదు, నెత్తురును కూడ పీల్చినదన్నమాట.

నాగార్జునసాగర్ ఎడమకాలువ నీరు వచ్చిన తరువాత మెట్టలో చాలభాగము మాగాణి యైనది. కరెంటు పంపులు వచ్చి మోటలు పోయినవి. మోటలతో తోలుబానలు పోయినవి. రబ్బరు చెప్పులు, టైరు చెప్పులు వచ్చి ఊరి లందలను ఎండబెట్టినవి. వెట్టి పోవుట మేలే. అయితే వెట్టితోపాటు విద్యయు పోయినది. ఆ విద్య తెలిసిన కుటుంబములకు దాని విలువ ముట్టలేదు. తంగేడుచెక్క కషాయము ఎన్నవనాడు చిక్కబరచవలెనో తెలిసినవాడు రసాయన శాస్త్రజ్ఞుడే. అతనికి ఆ పేరు ఎవరును పెట్టలేదు.

దుకాణములో అద్దపు బీరువాలోనుండి జోళ్ళు తీయించి చూచునప్పుడు మనము నేలను, పాదమును, పనిని తలచుకొందుము. కుట్టిన చేతిని కూడ తలచుకొనుట న్యాయము. ఏ కాలికైనను తగిన చెప్పు ఉండవలెను; ఆ చెప్పుతో ఏ వీధినైనను నడచు హక్కు ఉండవలెను. పాదరక్షల చరిత్ర మనకు నేర్పునది ఈ రెండు మాటలే.